నాలుగేళ్ళ సర్వీస్ ప్యాకేజీకి ముందే 26,500 కట్టమంటున్నారు, కట్టాలా వద్దా?

వైరా_మాస్టారు · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. వచ్చే గురువారం కారు డెలివరీ తీసుకుంటున్నాం. మా ఇంట్లో ఇదే మొదటి కారు. చిన్న పెట్రోల్ బండి, మాన్యువల్ గేర్లు. ఆన్‌రోడ్ ధర కుదిరింది, లోన్ మంజూరైంది. అంతా అయిపోయిందనుకుంటే నిన్న షోరూమ్ అబ్బాయి ఫోన్ చేసి సర్వీస్ ప్యాకేజీ సంగతి ఎత్తాడు.

నాలుగేళ్ళు లేదా 40,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ధర జీఎస్‌టీతో కలిపి 26,500. ఏటా చేయించే సర్వీసులు, ఆయిల్, ఫిల్టర్లు, లేబర్, ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు ఒకసారి, వైపర్ బ్లేడ్లు ఇందులో వస్తాయట. ఇవే విడిగా చేయిస్తే 38,000 అవుతుందని వాట్సాప్‌లో ఒక చార్టు పంపాడు. చేతి నుంచి కట్టక్కర్లేదు, లోన్‌లో కలిపేస్తే ఈఎంఐ నెలకు 557 పెరుగుతుందంతే అన్నాడు. చివర్లో ఇంకో మాట: ప్యాకేజీ లేకపోతే రేపు వారంటీ క్లెయిమ్‌కి ఇబ్బంది అవుతుందట. ఆ మాట విన్నప్పటి నుంచే నాకు టెన్షన్.

మా వాడకం ఇది. బడికి రానూపోనూ రోజుకు 14 కిలోమీటర్లు. అమ్మను నెలకు రెండుసార్లు ఖమ్మం ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఏడాదికి నాలుగైదుసార్లు హైదరాబాద్, ఒకసారి తిరుపతి. అంతా కలిపితే 8,000 కిలోమీటర్లు దాటదు. నెలకు 557 పెద్ద లెక్క కాదు, తీసేసుకుందాం అంటోంది మా ఆవిడ. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

తెనాలి70 · సోమవారం, రాత్రి 9:40

వద్దు మాస్టారూ. 8,000 కిలోమీటర్లకు ప్యాకేజీ దండగ. ఆ డబ్బు పోస్టాఫీసులో వేసుకోండి.

జాబ్‌కార్డ్ · సోమవారం, రాత్రి 10:25

మాస్టారూ, నేను రెండు డీలర్ల దగ్గర ఎనిమిదేళ్ళు సర్వీస్ అడ్వైజర్‌గా చేశాను. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను. తెలిసింది తెలిసినట్టు చెబుతాను.

ముందు వారంటీ మాట. అది నిజం కాదు. వారంటీ నిలవాలంటే ఓనర్స్ మాన్యువల్‌లో ఇచ్చిన షెడ్యూల్ ప్రకారం, టైముకి, కంపెనీ గుర్తించిన వర్క్‌షాపులో సర్వీస్ చేయించి ఉండాలి. ఆ డబ్బు ముందే కట్టారా, అప్పటికప్పుడు కట్టారా అన్నదానితో వారంటీకి సంబంధం లేదు. ఆ అబ్బాయిని ఆ మాట మెయిల్‌లో రాసి పంపమనండి. పంపడు.

రెండోది, 38,000 చార్టు మీద తేదీ చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు విడిభాగాల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. చాలా చోట్ల పాత రేట్లతో అచ్చయిన చార్టులే ఇంకా చూపిస్తున్నారు. పైగా అందులో 40,000 కిలోమీటర్లు తిరిగే బండికి పట్టే ఖర్చు రాసి ఉంటుంది. మీరు నాలుగేళ్ళలో తిరిగేది 32,000.

మూడోది నేను కౌంటర్ దగ్గర చాలాసార్లు చూసిన గొడవ. ప్యాకేజీ నాలుగేళ్ళు అంటారు. నాలుగో ఏడాది సర్వీసే అన్నిటికంటే పెద్దది. స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, బ్రేక్ ఫ్లూయిడ్ లాంటివన్నీ అప్పుడే వస్తాయి. కారు కొన్న తేదీ నుంచి సరిగ్గా నాలుగేళ్ళకు ప్యాకేజీ ముగిసిపోతుంది. మీరు పండక్కి ఊరెళ్ళి వారం ఆలస్యంగా బండి తెచ్చారనుకోండి, సిస్టమ్‌లో ప్యాకేజీ ఎక్స్‌పైర్డ్ అని చూపిస్తుంది. మూడేళ్ళు చిన్న సర్వీసులు వాడుకుని, పెద్దదానికి మళ్ళీ జేబులోంచి తీయాలి. కాబట్టి "నాలుగో ఏడాది సర్వీసు ఇందులో ఉందా, గడువు దాటితే ఎన్ని రోజులు వెసులుబాటు ఇస్తారు" అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఈ ప్యాకేజీ ఎవరిది? కంపెనీదా, డీలర్‌దా? కంపెనీదైతే దేశంలో ఏ ఊళ్ళో అయినా వాళ్ళ వర్క్‌షాపులో చెల్లుతుంది. డీలర్ సొంతదైతే ఆ డీలర్ బ్రాంచీలకే పరిమితం. రేపు ఆయన డీలర్‌షిప్ వదులుకుంటే మీ డబ్బు కోసం మీరు తిరగాలి. కాగితం మీద ఎవరి పేరు, ఎవరి ముద్ర ఉందో చూడండి.

గోదారి_రూట్ · మంగళవారం, ఉదయం 6:50

అందరూ వద్దంటున్నారు కాబట్టి నా లెక్క కూడా చెప్పాలి. నేను మెడికల్ రెప్‌ని. రాజమండ్రి, అమలాపురం, భీమవరం, ఏలూరు తిరుగుతూనే ఉంటాను. డీజిల్ బండి, ఏడాదికి 28,000 కిలోమీటర్లు. మూడేళ్ళు లేదా 60,000 కిలోమీటర్ల ప్యాకేజీ 41,000 పెట్టి తీసుకున్నాను. రెండేళ్ళ రెండు నెలల్లో 60,000 అయిపోయింది. ఆరు సర్వీసులు, డీజిల్ ఫిల్టర్లు, రెండు జతల బ్రేక్ ప్యాడ్లు అన్నీ అందులోనే. ప్రతిసారీ బిల్లు సున్నా అని వచ్చినా పక్కన అసలు రేటు వేస్తారు. అవన్నీ దాచి కూడితే 58,000 దగ్గర తేలింది.

మాలాంటి వాళ్ళ బండికి గడువు కంటే ముందు కిలోమీటర్లు అయిపోతాయి. కట్టిన ప్రతి రూపాయికీ పని జరుగుతుంది. మాస్టారి బండికి అటుది ఇటు. కిలోమీటర్లు మిగిలిపోతాయి, గడువు అయిపోతుంది. ఒకే ప్యాకేజీ నాకు లాభం, ఆయనకు నష్టం కావచ్చు.

నిజాంపేట_ఫ్లాట్ · మంగళవారం, ఉదయం 10:05

మాది మాస్టారి కంటే తక్కువ వాడకం. ఇద్దరికీ ఇంటి నుంచే పని. ఏడాదికి 4,000 కిలోమీటర్లు. ఐదేళ్ళ ప్యాకేజీ తీసుకున్నాం. మూడో ఏడాది పాప పుట్టాక పెద్ద బండి కావాలని దీన్ని అమ్మేశాం. ఇంకా రెండు సర్వీసులు మిగిలి ఉన్నాయి. వాపసు ఇవ్వరు, ప్యాకేజీ ఛాసిస్ నంబర్‌కి కట్టి ఉంటుంది కాబట్టి కొన్నవాళ్ళకే వెళ్తుంది అన్నారు. సరే, కొనే ఆయన దానికి ఏమైనా కలుపుతారేమో అని అడిగాం. ఆయన బయట మెకానిక్ దగ్గర చేయించుకుంటానన్నారు. ఒక్క రూపాయి కలపలేదు.

కొనేటప్పుడు "ఈ బండి నా దగ్గర ఎన్నేళ్ళు ఉంటుంది" అని మేం ఆలోచించలేదు. ప్యాడ్లు కూడా మార్చాల్సిన అవసరం రాలేదు. తక్కువ తిరిగినా ఆయిల్ మాత్రం ఏడాదికోసారి మార్చాల్సిందే, అది కాలాన్ని బట్టి. ప్యాడ్లు, ప్లగ్గులు ఎక్కువగా తిరుగుడును బట్టి. మేం డబ్బు కట్టింది ఈ రెండో రకానికి.

వైరా_మాస్టారు · మంగళవారం, సాయంత్రం 5:30

అందరికీ ధన్యవాదాలు. ఆ చార్టు పాతదై ఉండొచ్చని జాబ్‌కార్డ్ గారు అన్నారు కదా, అందుకే బడి అయ్యాక ఖమ్మం వెళ్ళి సర్వీస్ సెంటర్‌లోనే రేట్లు అడిగాను. షోరూమ్‌లో కాకుండా వర్క్‌షాపు కౌంటర్‌లో అడిగాను కాబట్టి ఓపిగ్గానే చెప్పారు. 1,000, 5,000 కిలోమీటర్ల చెకప్‌లకు ఏమీ కట్టక్కర్లేదు. మొదటి ఏడాది సర్వీసుకు లేబర్ ఉచితం, ఆయిల్, ఫిల్టర్ కలిపి 2,300. రెండో ఏడాది 5,400. మూడో ఏడాది 4,600. నాలుగో ఏడాది పెద్ద సర్వీసు 8,200. ముందు బ్రేక్ ప్యాడ్లు మార్చాల్సి వస్తే లేబర్‌తో 3,800.

దీన్ని ఎలా చూడాలో కొంచెం చెప్పండి.

కూడికల_రావు · మంగళవారం, రాత్రి 8:15

మాస్టారూ, మీరు తెచ్చిన అంకెలు బంగారం. చాలామంది ఇవి తెచ్చుకోకుండానే తీసుకోవాలా వద్దా అని వాదిస్తారు.

నాలుగు సర్వీసులు కూడితే 20,500. రేట్లు ఇలాగే ఉండవు కదా, ఏటా 5 శాతం పెరుగుతాయనుకుందాం. అప్పుడు 2,300, 5,670, 5,071, 9,493. మొత్తం 22,534. దీనికి ప్యాడ్లు కలిపితే 26,300 దాటుతుంది. అంటే మీరు ప్యాడ్లు మార్చాల్సి వస్తే, డబ్బు రొక్కంగా కడితే, ప్యాకేజీ ధరకు సరిసమానం. లాభం లేదు, నష్టం లేదు. ప్యాడ్ల అవసరం రాకపోతే 4,000 నష్టం. మీది ఎక్కువ హైవే, ఊరి రోడ్డు. నెమ్మదిగా నడిపేవాళ్ళకు 32,000 కిలోమీటర్లలో ప్యాడ్లు అరగకపోవడమే ఎక్కువ.

ఇప్పుడు అసలు సంగతి, నెలకు 557. మీ లోన్ 9.5 శాతం, ఐదేళ్ళు అనుకుంటున్నాను, ఎందుకంటే 26,500కి ఆ వడ్డీతోనే 557 వస్తుంది. 60 నెలలు కడితే 33,400. వడ్డీయే 6,900. నాలుగేళ్ళకు ప్యాకేజీ అయిపోయినా ఐదో ఏడాది మొత్తం మీరు దాని ఈఎంఐ కడుతూనే ఉంటారు. నాలుగో ఏడాదిలో చేయించే సర్వీసుకు ఈ రోజు నుంచి వడ్డీ కట్టడం ఏ లెక్కలోనూ కుదరదు. తీసుకోవాలనిపించినా లోన్‌లో మాత్రం కలపనివ్వకండి.

ఇంకో జాగ్రత్త. ప్రొఫార్మా ఇన్‌వాయిస్, అంటే షోరూమ్ వాళ్ళు ముందుగా ఇచ్చిన ధరల కాగితం, మళ్ళీ ఒకసారి చదవండి. "యాక్సెసరీస్ అండ్ అదర్స్" అనే లైన్‌లో ఇది ఇప్పటికే కలిపేసి ఉండొచ్చు.

సింగ్‌నగర్_3వ_లైను · మంగళవారం, రాత్రి 9:02

నాది కొంచెం వేరే మాట, కానీ చెప్పకుండా ఉండలేను. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వచ్చినప్పుడు మా వీధిలో కార్లు అద్దాల దాకా మునిగాయి. మా పక్కింటాయనకు సర్వీస్ ప్యాకేజీ ఉంది, ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంది. ఇన్సూరెన్స్‌లో ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ (యాడ్‌ఆన్) మాత్రం లేదు. నీళ్ళు తగ్గాక ఆత్రంతో స్టార్ట్ చేశారు. ఇంజన్‌లోకి నీళ్ళు వెళ్ళి రాడ్లు వంగిపోయాయి. ప్యాకేజీ అరుగుదలకు, వారంటీ తయారీ లోపానికి. రెండూ పనికి రాలేదు. మామూలు పాలసీలో ముంపు నష్టం వస్తుంది కానీ, తడిసిన ఇంజన్‌ని స్టార్ట్ చేయడం వల్ల పాడైతే ఆ యాడ్‌ఆన్ ఉంటేనే ఇస్తామన్నారు.

ఆ మనిషి ముఖం ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. వైరా కూడా వాగు పక్క ఊరే కదా మాస్టారూ. చేతిలో ఉన్న డబ్బు పరిమితమైతే ముందు ఆ యాడ్‌ఆన్ చూడండి. మునిగిన బండిని పొరపాటున కూడా స్టార్ట్ చేయకండి, బ్యాటరీ తీగ తీసేసి తాడు కట్టి లాగించండి.

జగిత్యాల_అక్క · బుధవారం, ఉదయం 7:20

అందరూ రూపాయల లెక్కే చూస్తున్నారు. నా మాట కూడా వినండి. మా ఆయన దుబాయ్‌లో ఉంటారు. బండి నేనే నడుపుతాను, సర్వీసుకు నేనే తీసుకెళ్తాను. మొదటి రెండేళ్ళు ప్యాకేజీ లేదు. వెళ్ళిన ప్రతిసారీ ఇది మార్చాలి మేడమ్, అది మార్చాలి మేడమ్ అని ఒక జాబితా చదివేవారు. ఏది నిజమో తెలియదు. వద్దంటే దారిలో ఆగిపోతుందేమోనని భయం, సరే అంటే 11,000 బిల్లు. పిల్లలతో ఒక్కదాన్నే వెళ్ళేదాన్ని, ఎవర్ని అడగాలి?

కంపెనీ ప్యాకేజీ తీసుకున్నాక ఆ వాదన తగ్గింది. ఏం చేయాలో ముందే రాసి ఉంది, అది చేస్తారు, బిల్లు సున్నా. రెండు మూడు వేలు ఎక్కువ కట్టానేమో. నాకు అది నష్టం అనిపించలేదు.

జాబ్‌కార్డ్ · బుధవారం, ఉదయం 9:45

అక్కా, మీరు చెప్పింది సరైన కారణమే. దాన్ని నేను కొట్టిపారేయను. ఒక్కటి మాత్రం చెప్పాలి. బిల్లు పెరిగేది ఆయిల్ వల్లో ఫిల్టర్ వల్లో కాదు. ఇంజన్ ఫ్లష్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఏసీ డిస్ఇన్ఫెక్షన్, అండర్‌బాడీ కోటింగ్, ఇంటీరియర్ ఎన్‌రిచ్‌మెంట్, వీటి వల్ల. ఇవేవీ ప్యాకేజీలో ఉండవు. మాకు ప్రతి నెలా వీటి మీదే టార్గెట్ ఉండేది. ప్యాకేజీ ఉన్న కస్టమర్ వచ్చినప్పుడు "సర్వీసు ఎలాగూ ఫ్రీ కదా మేడమ్, ఇది ఒక్కటి చేయించండి" అని అడగమని మాకు నేర్పేవారు. నేనూ అడిగాను. ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంటుంది.

ఇకపై మీరు చేయాల్సింది ఒకటే. మాన్యువల్‌లో సర్వీస్ షెడ్యూల్ పేజీ ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. వాళ్ళు ఏది చెప్పినా "ఈ పేజీలో ఎక్కడుందో చూపించండి" అనండి. లేదంటే వద్దు. జాబ్ కార్డు (చేయాల్సిన పనులు రాసే కాగితం) మీద సంతకం పెట్టే ముందు ఎస్టిమేట్ అంకె వేయించండి, "అడగకుండా అదనపు పని చేయరాదు" అని మీ చేత్తోనే రాయండి. అలా రాసిన కార్డు మీద ఎక్కువ బిల్లు వేయడానికి అడ్వైజర్ జంకుతాడు. అయినా వేస్తే 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్ ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు.

జగిత్యాల_అక్క · బుధవారం, ఉదయం 10:10

ఈ మాట నాకు రెండేళ్ళ క్రితం ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఫొటో ఇప్పుడే తీసుకున్నాను.

డల్లాస్_శీను · బుధవారం, ఉదయం 11:30

ఇక్కడ అమెరికాలో కూడా ఇదే తంతు. కారు బేరం అయ్యాక ఫైనాన్స్ గదిలో కూర్చోబెట్టి, సంతకాల మధ్యలో మెయింటెనెన్స్ ప్లాన్ పెడతారు. ఐదేళ్ళకు 1,800 డాలర్లు అడిగారు. నేను కొన్నది టొయోటా, దానికి రెండేళ్ళు లేదా 25,000 మైళ్ళ దాకా సర్వీసు కంపెనీయే ఉచితంగా ఇస్తుంది. అంటే ఐదేళ్ళ ప్లాన్‌లో రెండేళ్ళు నాకు ఎలాగూ వచ్చేవే. అది గమనించక సంతకం పెట్టాను. నెల తర్వాత కాంట్రాక్ట్ చదివితే రద్దు చేసుకునే హక్కు ఉందని తెలిసింది. రాతపూర్వకంగా అడిగితే వాడని భాగం తిరిగి ఇచ్చారు. కాకపోతే ఆ డబ్బు నా చేతికి రాలేదు, లోన్ బాకీలో తగ్గించారు.

వారంటీ భయం గురించి ఇక్కడ 1975 నుంచి మాగ్నసన్-మాస్ చట్టం ఉంది. బయట సర్వీసు చేయించావు కాబట్టి వారంటీ ఇవ్వం అనడానికి లేదు, రసీదులు దాచుకుంటే చాలు. ఇండియాలో ఆ ధైర్యం చేయకండి, వారంటీ ఉన్నన్నాళ్ళూ కంపెనీ వర్క్‌షాపులోనే చేయించండి. కానీ మాస్టారూ, "మధ్యలో వద్దనుకుంటే ఎంత తిరిగిస్తారు" అన్న ప్రశ్న మాత్రం తప్పక అడగండి.

నెల్లూరు_ఈవీ · బుధవారం, మధ్యాహ్నం 1:15

కరెంటు బండికి కూడా ఇలాంటి ప్యాకేజీ అవసరమా? వచ్చే నెల కొంటున్నాను.

జాబ్‌కార్డ్ · బుధవారం, మధ్యాహ్నం 1:40

చాలా తక్కువ. ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ప్లగ్గులు ఏవీ ఉండవు. క్యాబిన్ ఫిల్టర్, బ్రేక్ ఫ్లూయిడ్, కూలెంట్, చెకప్, అంతే. యాక్సిలరేటర్ వదిలినప్పుడు మోటారే బండిని నెమ్మదింపజేస్తుంది కాబట్టి ప్యాడ్లు కూడా ఎక్కువ కాలం వస్తాయి. బ్యాటరీ వారంటీ షరతులు శ్రద్ధగా చదవండి.

ఆటోనగర్_షెడ్డు · బుధవారం, రాత్రి 8:30

విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న షెడ్డు. వారంటీ ఉన్నంతకాలం మా దగ్గరకు రమ్మని నేను ఎవరికీ చెప్పను. అయిపోయాక మాత్రం రండి. అదే ఆయిల్, అదే గ్రేడు, కంపెనీ ఫిల్టర్ మీ కళ్ళ ముందే డబ్బా విప్పి వేస్తాం. పాత ఫిల్టర్ మీ చేతికే ఇస్తాం. ఒకప్పుడు చాలా కంపెనీల అసలు విడిభాగాలు బయట దొరికేవి కావు. 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల జరిమానా వేసింది, విడిభాగాలు బయటివాళ్ళకు అందకుండా చేస్తున్నారని. ఆ తర్వాత అప్పీళ్ళు నడిచాయి, కానీ ఇప్పుడు మామూలు బండ్లకు కావాల్సినవన్నీ దొరుకుతున్నాయి.

ఎవరైనా ఏడేళ్ళు, ఎనిమిదేళ్ళ ప్యాకేజీ అమ్మజూస్తే మాత్రం ఒప్పుకోకండి. వారంటీ అయిపోయాక మీకు మీ ఊళ్ళోనే మంచి మెకానిక్ దొరకొచ్చు. ముందే డబ్బు కట్టేస్తే ఆ దారి మూసుకున్నట్టే.

వైరా_మాస్టారు · శుక్రవారం, రాత్రి 9:50

నిన్న డెలివరీ అయింది. ముందు ఆ కబురు. అమ్మ ముందు సీట్లో కూర్చుని వైరా గుడి దాకా వచ్చింది.

ఇప్పుడు ప్యాకేజీ సంగతి. ప్రొఫార్మాలో కూడికల_రావు గారు అన్నట్టే కలిపేసి ఉంది. "అదర్స్" అనే లైన్‌లో 26,500. తీసేయమంటే ముందు కుదరదన్నారు, లోన్ ఫైల్ వెళ్ళిపోయిందన్నారు. అయితే డెలివరీ వాయిదా వేసుకుంటానన్నాను. అరగంటలో కొత్త కాగితం వచ్చింది. తర్వాత మేనేజర్ గారు పిలిచి 22,500కి ఇస్తాం, రొక్కంగా కట్టండి అన్నారు. నిజం చెప్పాలంటే అప్పుడు ఊగాను. రేట్లు పెరిగినా సరిపోయే ధర అది.

ప్యాకేజీ కాగితం చూపించమన్నాను. కింద డీలర్ ముద్ర మాత్రమే ఉంది. కంపెనీ పేరు ఎక్కడా లేదు. నాలుగో ఏడాది సర్వీసు ఉందా అంటే "నాలుగేళ్ళ లోపు వస్తే ఉంటుంది" అన్నారు, వెసులుబాటు రోజులు ఏవీ లేవు. మధ్యలో రద్దు చేస్తే వాపసు లేదని చిన్న అక్షరాల్లో ఉంది. నమస్కారం పెట్టి వద్దన్నాను. వారంటీకి ఇబ్బంది అన్న మాట మెయిల్‌లో పంపమంటే ఆ అబ్బాయి తల దించుకున్నాడు. చిన్నవాడు, వాడి మీద కోపం లేదు.

కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, వాళ్ళ సొంత ప్యాకేజీ వేరే ఉందని, మొదటి ఏడాది సర్వీసు లోపు ఎప్పుడైనా తీసుకోవచ్చని చెప్పారు. అప్పటికి మా బండి నిజంగా ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో మీటరే చెబుతుంది. ఆ రోజు మళ్ళీ ఇక్కడే అంకెలు పెడతాను.

ఇన్సూరెన్స్‌లో ఇంజన్ ప్రొటెక్షన్ కలిపించాను. ఈ రోజు పొద్దున మా ఆవిడ పోస్టాఫీసుకు వెళ్ళి నెలకు 500తో ఆర్‌డీ తెరిచింది, బండి పేరు మీద అంటోంది. మాన్యువల్‌లో షెడ్యూల్ పేజీ జెరాక్స్ తీసి గ్లవ్ బాక్స్‌లో పెట్టాను.